పోలీసుల మీద ఫిర్యాదు: ముందుగా అక్కడికి చేరేదెవరు?

పోలీసు స్టేషన్లో ఒక మనిషి చనిపోతే ఆ మరణం గురించి తొలి కాగితం రాసేది ఆ స్టేషన్ రైటరే. ఎన్ని గంటలకు తీసుకొచ్చారు, ఎప్పుడు గుండెనొప్పి అన్నాడు, ఏ ఆస్పత్రికి తరలించారు అన్నవన్నీ జనరల్ డైరీలో ఆయన చేతిరాతతోనే ఉంటాయి. గది కడిగించేదీ, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో చెప్పేదీ, సీసీ కెమెరా రికార్డును దాచి ఉంచేదీ చెరిపేసేదీ కూడా ఆ స్టేషన్ వాళ్ళే. తర్వాత ఎంత పెద్ద న్యాయమూర్తి వచ్చి కూర్చున్నా ఆయన ముందుకు వచ్చేవి ఈ కాగితాలే.

పోలీసుల బలప్రయోగం మీద వచ్చే ఫిర్యాదులను పోలీసులు కానివాళ్ళు విచారించాలన్న డిమాండు మన దేశంలో ఏభై ఏళ్ళుగా ఉంది. కమిషన్లు వచ్చాయి, తీర్పులు వచ్చాయి, చట్టాలు వచ్చాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. నిజం చెప్పగల న్యాయమూర్తులకు మనకెప్పుడూ కరువు లేదు. కరువైనది మొదటి కొన్ని గంటల్లో అక్కడికి చేరి, గది తాళాలు తమ చేతిలోకి తీసుకునే పోలీసేతర దర్యాప్తు బృందం.

ఈ చర్చకు తెలుగు నేల కేవలం ఒక ఉదాహరణ కాదు, దీని మూలాల్లో చాలావరకు ఇక్కడివే. 1975 జులైలో, అత్యవసర పరిస్థితి ప్రకటించి నెల తిరగగానే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. 1977లో జస్టిస్ తార్కుండే నాయకత్వాన ఏర్పడిన పౌర కమిటీ గ్రామాలకు వెళ్ళి సాక్షులతో మాట్లాడి, అవి ఎదురుకాల్పులు కావని, పట్టుకుని కాల్చిన కాల్పులని చెప్పింది. ఆ ఒత్తిడితో రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేసింది. అక్కడ కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు సాక్ష్యాలు బయటికి తీస్తుంటే, విచారణ తలుపులు మూసి జరపాలన్న పట్టుదల ఎదురైంది. విచారణ మధ్యలోనే నిలిచిపోయింది. కొందరు పౌరులు ఊళ్ళు తిరిగి చేసిన పనిని అధికారిక కమిషన్ చివరిదాకా చేయలేకపోయింది.

మరుసటి ఏడాది, 1978 మార్చిలో, హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. అడగడానికి వెళ్ళిన ఆమె భర్త, రిక్షా తొక్కే మనిషి, పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. ఆ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం వేసిన జస్టిస్ ముక్తదర్ ఏకసభ్య కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఆమె శీలం మీదే నడిచింది. అయినా కమిషన్ తొణకలేదు. పోలీసులే దోషులని తేల్చి, వాళ్ళను విచారణకు నిలబెట్టాలని సిఫారసు చేసింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. కమిషన్ నివేదికకు కోర్టులో సాక్ష్యం విలువ ఉండదు. కోర్టుకు కావలసిన సాక్ష్యం మొదటి రోజున సేకరించాల్సింది, ఆ రోజున దాన్ని సేకరించే బాధ్యత పోలీసు శాఖదే. ఒక హైకోర్టు న్యాయమూర్తి తేల్చిన నిజం కోర్టు బోనులో ఎందుకు నిలబడలేదో దీనితోనే అర్థమవుతుంది.

ఆ కాలంలోనే ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ పనిచేస్తోంది. 1979లో వచ్చిన తన మొదటి నివేదికలోనే అది ఒక మాట ఖరాఖండీగా చెప్పింది: కస్టడీలో అత్యాచారం, కస్టడీలో మరణం లేక తీవ్ర గాయం, జనం మీద కాల్పుల్లో ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది మరణం, ఇలాంటి వాటిలో న్యాయాధికారి విచారణ తప్పనిసరి కావాలి. ఆ నివేదికలు అల్మారాల్లోకి చేరాయి.

తెలుగు జిల్లాల్లో ఎన్‌కౌంటర్ల కాలంలో కాగితం ఎలా నడిచేదో కాస్త దగ్గరగా చూడాలి. పోలీసులకూ 'తీవ్రవాదులకూ' ఎదురుకాల్పులు జరిగాయని, మరణించినవాళ్ళు తమను చంపబోయారని, కాల్పుల్లో పాల్గొన్న అధికారే ఫిర్యాదు ఇస్తాడు. దాని మీద ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. నిందితుడి స్థానంలో ఉండే పేరు చనిపోయినవాడిది, నేరం హత్యాయత్నం. దర్యాప్తు చేసేది అదే స్టేషన్, కాకపోతే పక్క సర్కిల్. కొన్నాళ్ళకు, నిందితుడు మరణించాడు కాబట్టి కేసు రద్దయిందని ముగింపు రిపోర్టు వెళ్ళిపోతుంది. ఒక ప్రాణం పోయింది, అది ఎలా పోయిందో విచారించే కేసంటూ ఎక్కడా లేదు. శవం మీద నమోదైన కేసు శవంతోనే ముగిసిపోతుంది. కాల్చినవాళ్ళు ఆ కేసులో సాక్షులు మాత్రమే.

ఈ పద్ధతిని జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు ప్రశ్నించింది ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమే. ఆ ఫిర్యాదుల మీద కమిషన్ 1996 నవంబరులో ఇచ్చిన ఆదేశం, 1997 మార్చిలో దాని అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు రాసిన లేఖ తర్వాతి మార్గదర్శకాలన్నిటికీ పునాది. కాల్పుల్లో పాల్గొన్నవాళ్ళు తమ స్టేషన్‌కే చెందినప్పుడు దర్యాప్తును సీఐడీ లాంటి స్వతంత్ర సంస్థకు ఇవ్వాలని అది కోరింది. దేశమంతటికీ వర్తించే ఆ నియమం వెనుక ఉన్నది తెలుగు పల్లెల్లో కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాల గోడు.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే కాల్చిన పోలీసుల మీద హత్యానేరం కింద ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలని, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న వాదనను వాళ్ళు కోర్టులో నిరూపించుకోవాలని జస్టిస్ గోడా రఘురాం రాసిన ఆ తీర్పు చెప్పింది. మామూలు మనిషి ఆత్మరక్షణ కోసం చంపితే ఏం చేయాలో పోలీసులూ అదే చేయాలన్నది దాని సారాంశం. పోలీసు అధికారుల సంఘం అప్పీలుకు వెళ్ళగా సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. 2014 సెప్టెంబరులో, మహారాష్ట్ర కేసులో, సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కొన్ని విషయాల్లో మంచివే: కాల్పుల వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వకూడదు, మెజిస్టీరియల్ విచారణ తప్పదు. కానీ దర్యాప్తును సీఐడీకో మరో స్టేషన్ బృందానికో అప్పగించాలంది. అంటే మళ్ళీ ఖాకీ చేతికే.

దాని ఫలితం చూడటానికి ఎక్కువకాలం పట్టలేదు. 2015 ఏప్రిల్ 7న ఒకే రోజు రెండు ఘటనలు జరిగాయి. తెలంగాణలో ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఫొటోల్లో చేతులకు బేడీలు కనిపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో శేషాచలం అడవుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు ఎర్రచందనం దొంగలన్న పేరుతో జరిపిన కాల్పుల్లో చనిపోయారు. రెండు రాష్ట్రాలూ సిట్‌లు వేశాయి. రెండు సిట్‌లనూ నడిపింది పోలీసు అధికారులే.

ఇక 2019 డిసెంబరు 6, తెలంగాణలోని చటాన్‌పల్లి. అంతకుముందు ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య అందరి గుండెనూ కోశాయి. నిందితులు నలుగురినీ కాల్చేశారన్న వార్త రాగానే పోలీసుల మీద పూలు చల్లిన జనాన్ని టీవీల్లో చూశాం. సుప్రీంకోర్టు ఆరు రోజుల్లోనే జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది. రెండేళ్ళకు పైగా పనిచేసి 2022 జనవరిలో అది ఇచ్చిన నివేదిక పోలీసుల కథనం నమ్మశక్యం కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, మరణించిన నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని చెప్పింది. మే నెలలో సుప్రీంకోర్టు నివేదికను బయటపెట్టి, వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. ముక్తదర్ కమిషన్ నుంచి సిర్పుర్కర్ కమిషన్ దాకా నలభై నాలుగేళ్ళు. రెండు కమిషన్లూ జంకకుండా మాట్లాడాయి. రెండూ సంఘటన జరిగిపోయాక పోలీసులు రాసిపెట్టిన కాగితాల్లోంచి నిజాన్ని వెతుక్కోవలసి వచ్చింది. ఆ యువతికి న్యాయం జరగాలని కోరినవాళ్ళలో నేనూ ఉన్నాను. అసలు దోషులు ఎవరో కోర్టులో తేలకుండానే కేసు ముగిసిపోవడం ఆమెకూ జరిగిన అన్యాయమే.

కమిషన్లు ఒక్కో సంఘటనకు ఒక్కోసారి వస్తాయి. శాశ్వతంగా ఉండే యంత్రాంగం కావాలన్న ఆలోచనకు బలమైన రూపం 2006 సెప్టెంబరు 22న వచ్చింది. విశ్రాంత పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ పదేళ్ళుగా నడిపిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో ఒకటి పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ. ఎస్పీ, ఆపై హోదా వాళ్ళ మీద ఫిర్యాదులకు రాష్ట్రస్థాయిలో, డీఎస్పీ, ఆలోపు వాళ్ళ మీద ఫిర్యాదులకు జిల్లాస్థాయిలో ఈ సంస్థలు ఉండాలి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వీటి పరిధిలోకి వస్తాయి. జిల్లా సంస్థ డబ్బు గుంజడం, ఇళ్ళ స్థలాల కబ్జా లాంటివి కూడా చూడవచ్చు. వీటి సిఫారసులను ప్రభుత్వం పాటించి తీరాలి. తీర్పులో ఎవరూ పెద్దగా పట్టించుకోని వాక్యం ఇంకొకటుంది: క్షేత్రస్థాయి విచారణకు ఈ సంస్థలకు సొంత సిబ్బంది కావాలి, అందుకు సీఐడీ, ఇంటెలిజెన్స్, విజిలెన్స్ లాంటి చోట్ల పనిచేసి రిటైరైన దర్యాప్తు అధికారులను తీసుకోవచ్చు. ఈ తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ వాక్యమే. రాష్ట్రాలు అన్నిటికన్నా ముందు మరిచిపోయిందీ దాన్నే.

రాష్ట్రాలు చేసిన పని చాలా చోట్ల ఛైర్మన్ కుర్చీ వేసి పక్కకు జరగడమే. అమలును చూడటానికి సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ 2010లో రాష్ట్రాల నిర్లక్ష్యం మీద ఆవేదన వెలిబుచ్చింది. కేరళ 2011 పోలీసు చట్టంలో ఈ సంస్థలను పెట్టి కొంతవరకు పనిచేయించింది. కానీ జిల్లా సంస్థలో రిటైర్డ్ జిల్లా జడ్జి పక్కన కలెక్టరునూ ఆ జిల్లా ఎస్పీనీ సభ్యులుగా కూర్చోబెట్టింది. తన కింద పనిచేసే ఎస్‌ఐ మీద వచ్చిన ఫిర్యాదును ఎస్పీయే సభ్యుడిగా వింటాడన్నమాట. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ సంస్థలు తీర్పు వచ్చిన పదిహేనేళ్ళ తర్వాత, కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాక కదిలాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ నియమించిన ఛైర్మన్ వయసు నిబంధనలకు మించిందని హైకోర్టు ఆ నియామకాన్నే నిలిపివేసింది. మీ ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఎస్‌ఐ కొడితే ఎక్కడ ఫిర్యాదు చేయాలని. ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్ అంటారు, ఎమ్మెల్యే అంటారు, విలేకరి అంటారు. ఫిర్యాదుల ప్రాధికార సంస్థ పేరు ఎత్తేవాళ్ళు అరుదు.

మానవ హక్కుల కమిషన్ ఉంది కదా అనవచ్చు. 1993 చట్టం ఇచ్చిన ఆ సంస్థ వల్ల ఒక గొప్ప మేలు జరిగింది: కస్టడీ మరణం జరిగితే 24 గంటల్లో తెలపాలన్న నియమం. అందువల్లే 2021-22లో పోలీసు కస్టడీ మరణాలు 175 అని, మరుసటి ఏడాది 164 అని లెక్క తెలుస్తోంది. కానీ ఆ కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు, ఘటన జరిగి ఏడాది దాటితే ఫిర్యాదు తీసుకోలేదు, దాని దర్యాప్తు విభాగానికి అధిపతి పోలీసు అధికారి. సాధారణంగా దాని ఆదేశం కుటుంబానికి నష్టపరిహారం దగ్గర ఆగుతుంది, ఆ డబ్బు ఖజానాది. తెలంగాణ రాష్ట్ర కమిషన్ 2022 డిసెంబరు తర్వాత రెండేళ్ళకు పైగా ఛైర్మనే లేకుండా గడిపింది.

మొదటి గంటల మాట ఎందుకు పదే పదే చెబుతున్నానో 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో జరిగింది చూస్తే తెలుస్తుంది. సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే తండ్రినీ కొడుకునూ లాక్‌డౌన్ వేళలు పాటించలేదని తీసుకెళ్ళి కొట్టారు. ఇద్దరూ చనిపోయారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం కోవిల్‌పట్టి మెజిస్ట్రేటును స్టేషన్‌కు పంపింది. అక్కడ పోలీసులు ఆయనకు సహకరించలేదు, అవమానకరంగా మాట్లాడారు. సీసీ కెమెరా డిస్కులో కావలసినంత చోటు ఉన్నా, ఏ రోజుకారోజు రికార్డు దానంతటదే చెరిగిపోయేలా అమర్చి ఉంది. కోర్టు వెంటనే ఆ స్టేషన్‌ను రెవెన్యూ శాఖ అధీనంలోకి ఇచ్చింది. ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే మెజిస్ట్రేటుకు రాత్రంతా జరిగింది చెప్పింది. కేసు నిలబడటానికి కారణం ఆ మెజిస్ట్రేటు అప్పుడే వెళ్ళడం, ఆ స్త్రీ అప్పుడే చెప్పడం. ఆర్నెల్ల తర్వాత వెళ్ళి ఉంటే ఆమె ఇంకో జిల్లాలో ఉండేది, గోడలకు కొత్త సున్నం ఉండేది.

మన అడ్డగూడూరులో 2021 జూన్‌లో, దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ ఠాణాలో చనిపోయినప్పుడు ఎస్‌ఐనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ఉద్యోగంలోంచి తీసేశారు. అది మామూలుగా జరిగేదానికన్నా ఎక్కువే. మామూలుగా వేకెన్సీ రిజర్వు(వీఆర్)లో పెట్టి, నాలుగు నెలలకు ఇంకో స్టేషన్ ఇస్తారు. కానీ అక్కడ కూడా మరణ కారణం తేలడానికి పౌరహక్కుల సంస్థ హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది, పూడ్చిన శవాన్ని తీసి మళ్ళీ పోస్టుమార్టం చేయించాల్సి వచ్చింది. మొదటి పోస్టుమార్టం రోజున స్వతంత్రంగా చూసే ఒక మనిషి ఆ గదిలో ఉండి ఉంటే భూమి తవ్వే అవసరమే వచ్చేది కాదు.

వేరే దేశాల్లో ఈ పని ఎలా జరుగుతోందో చూస్తే అక్కడా సాఫీగా ఏమీ సాగలేదు. న్యూయార్క్‌లో 1966లో మేయర్ లిండ్సే ఫిర్యాదుల బోర్డులో పౌరులకు స్థానమిస్తే, పోలీసు సంఘం ఓటింగ్ పెట్టించి దాన్ని ఓడించింది. పూర్తిగా పౌరులతో బోర్డు ఏర్పడటానికి 1993 దాకా పట్టింది. ఇప్పటికీ శిక్ష మీద తుది మాట పోలీసు కమిషనర్‌దే. దక్షిణాఫ్రికాలో పోలీసులపై దర్యాప్తుకే ప్రత్యేక సంస్థ ఉంది. దాని అధిపతిని మంత్రి తన ఇష్టం వచ్చినట్టు తొలగించకూడదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2016లో చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్ అయితే 1977 నుంచి సంస్థ పేరూ రూపమూ మారుస్తూనే ఉన్నాయి, ఇప్పుడున్నది 2018 నాటిది.

నాకు వీటన్నిటిలో ఆదర్శంగా తోచేది ఉత్తర ఐర్లండ్. మతం పేరుతో రెండుగా చీలి, పోలీసులను సగం జనం శత్రువుల్లా చూసిన చోటు అది. 1997లో మారిస్ హేస్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 2000 నవంబరులో పోలీసు అంబుడ్స్‌మన్ కార్యాలయం తెరిచారు. దానికి సొంత దర్యాప్తు అధికారులున్నారు, వాళ్ళకు పోలీసులకు ఉండే అధికారాలున్నాయి. పోలీసు చర్య వల్ల ఎవరైనా చనిపోతే పోలీసు అధిపతి తప్పనిసరిగా ఆ కార్యాలయానికి అప్పగించాలి. ఫిర్యాదు లేకపోయినా వాళ్ళు దిగవచ్చు. మొదటి అంబుడ్స్‌మన్ నూలా ఓలోన్ ఏడాది తిరగగానే, 2001 డిసెంబరులో, ఒమా బాంబు పేలుడు విషయంలో పోలీసుల లోపాలను బయటపెడితే పోలీసు అధిపతి మండిపడ్డాడు. సంస్థ మాత్రం నిలబడింది.

అమెరికాలో మన పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి సియాటిల్ సంగతి ఇక్కడ చెప్పాలి. 2023 జనవరిలో ఆదోనికి చెందిన ఒక విద్యార్థిని రోడ్డు దాటుతుంటే, 25 మైళ్ళ వేగానికే అనుమతి ఉన్న వీధిలో 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్ది చంపింది. ఆ రాత్రి అక్కడికి వచ్చిన పోలీసు సంఘం నాయకుడొకరు ఫోన్లో ఆమె ప్రాణానికి విలువ లేనట్టు మాట్లాడి నవ్వాడు. ఒంటి మీది కెమెరా అతని మాటలను రికార్డు చేసింది. దాన్ని గుర్తించి పైకి పంపింది పోలీసు శాఖలోని ఉద్యోగే. పౌర అధికారి నడిపే పోలీసు జవాబుదారీ కార్యాలయం విచారించింది, 2024లో ఆ అధికారి ఉద్యోగం పోయింది, మరుసటి ఏడాది కారు నడిపిన అధికారిదీ పోయింది. క్రిమినల్ కేసు పెట్టడానికి మాత్రం అక్కడి ప్రాసిక్యూటర్ ఒప్పుకోలేదు. ఆ తల్లికి ఇది న్యాయమని నేను అనలేను. అయితే రికార్డు చెరగలేదు, చెరిపే అవకాశం ఆ అధికారి చేతిలో లేదు. మన సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో శబ్దంతో సహా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, రికార్డు కనీసం ఏడాది పాటు ఉంచాలని చెప్పింది. ఆ డిస్కు ఉండేది మాత్రం స్టేషన్ గదిలోనే.

పోలీసుల పక్షాన ఉన్న మాట కూడా నిజమే, దాన్ని దాటవేయకూడదు. రికవరీ చూపించమని, కేసు తేల్చమని పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, కింద దెబ్బ కొట్టేది కానిస్టేబుల్. దొరికినప్పుడు ఉద్యోగం పోయేదీ అతనిదే, ఫోన్ చేసినవాళ్ళ పేరు ఫైల్లో ఉండదు. కక్షతో పెట్టే ఫిర్యాదులూ ఉంటాయి. సొంత దర్యాప్తు సిబ్బంది ఉన్న సంస్థ నిర్దోషి పోలీసుకూ మేలే చేస్తుంది. పై అధికారుల కాల్ రికార్డులు అడిగే ధైర్యం శాఖలోపల ఎవరికుంటుంది? బయటి సంస్థకే అది సాధ్యం. అధికారుల మీద ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలన్న పాత అడ్డంకి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో కొంత సడలింది: 120 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. కేసు నిలబడే సాక్ష్యం ఉంటేనే ఆ సడలింపుకు అర్థం.

అందుకే తెలుగు రాష్ట్రాల రెండు ప్రభుత్వాలనూ అడగాల్సింది ఇంకో విశ్రాంత న్యాయమూర్తి పేరు కాదు. జిల్లా ప్రాధికార సంస్థకు ఒక జీపు, నలుగురు దర్యాప్తు అధికారులు, ఒక ఫోరెన్సిక్ నిపుణుడు, రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు కావాలి. కస్టడీలో ఉన్న మనిషిని గాయాలతో తెచ్చినప్పుడు డ్యూటీ డాక్టర్ ముందు ఆ నంబరుకే ఫోన్ చేయాలని నిబంధన రావాలి. మరణం జరిగిన గంటలోపే జనరల్ డైరీ, కెమెరా డిస్కు, లాకప్ తాళం ఆ బృందం స్వాధీనంలోకి వెళ్ళాలి, అప్పటిదాకా ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. పోస్టుమార్టం దగ్గర వాళ్ళ మనిషి ఉండాలి, కుటుంబానికి అదే రోజు నకలు అందాలి. ఈ కార్యాలయం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదో భవనం నాలుగో అంతస్తులో ఉంటే ఆసిఫాబాద్ గోండు గూడెం నుంచి, పాడేరు కొండల నుంచి ఎవరూ రారు. వచ్చినా, ఫిర్యాదు ఇచ్చి ఊరికి తిరిగి వెళ్ళిన రాత్రి వాళ్ళ తలుపు తట్టేది మళ్ళీ అదే స్టేషన్ జీపు. ఫిర్యాదుదారుకూ సాక్షికీ రక్షణ ఇచ్చే బాధ్యతను ఆ స్టేషన్ నుంచి తీసి ఆ జిల్లా జడ్జి చేతిలో పెట్టే నియమాన్ని ముందుగా రాయాలి.